అట్టముక్కల కబుర్లు: మాంటిల్ రూకీ ఏది?

పోయిన నెల ఒక జవాబులో మాట జారాను: "1952 టాప్స్ మాంటిల్ రూకీ కాదు" అని. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఇద్దరు తిట్టారు. ఒకాయన తన కార్డు ఫొటో పంపి "ఇప్పుడు చెప్పండి" అన్నాడు. అందుకని ఈసారి నాణేలు, స్టాంపుల ఉత్తరాలు పక్కన పెట్టి పేజీలన్నీ బేస్‌బాల్ కార్డులకే ఇచ్చేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక ముక్క: అమెరికాలో ముందు సిగరెట్లతో, తర్వాత మిఠాయిలతో, ఆ తర్వాత బబుల్ గమ్‌తో కలిపి అమ్మిన ఆటగాళ్ల బొమ్మలివి. టాప్స్, బౌమన్ అనేవి వాటిని వేసిన కంపెనీలు, మికీ మాంటిల్ 1950ల నాటి పేరుమోసిన ఆటగాడు. ఒక ఆటగాడి మొదటి కార్డుని రూకీ కార్డు అంటారు. ఆ 'మొదటి' అన్న మాట దగ్గరే తగువంతా.

ప్రశ్న: అంకుల్ గారూ, మాది ఫ్రిస్కో, టెక్సస్. మా బాబుకి పన్నెండేళ్లు. లిటిల్ లీగ్ ఆడతాడు, కార్డుల పిచ్చి. మొన్న కార్డ్ షోకి తీసుకెళ్లాను. ఒక పెద్దాయన గాజు బల్ల కింద 1952 టాప్స్ మికీ మాంటిల్ పెట్టుకున్నాడు. "ఇదే కదండీ మాంటిల్ రూకీ" అని నేనంటే ఆయన నవ్వి "కాదు" అన్నాడు. మావాడూ నవ్వాడు. కోటీ 26 లక్షల డాలర్లు పలికిన కార్డు రూకీ కాకపోతే ఇంకేది రూకీ? అసలు అది నిర్ణయించేది ఎవరు?

జవాబు: పెద్దాయన చెప్పింది నిజమే. మాంటిల్ రూకీ 1951 బౌమన్, 253వ నంబరు.

1951లో మాంటిల్‌కి పందొమ్మిదేళ్లు. ఓక్లహోమాలో కామర్స్ అనే గనుల ఊరు నుంచి వచ్చి న్యూయార్క్ యాంకీస్‌లో చేరాడు. మొదట 6వ నంబరు జెర్సీ ఇచ్చారు. స్ట్రైకవుట్లు, అంటే బంతి తగలక ఔటవడాలు, ఎక్కువైపోయేసరికి మధ్యలో కాన్సాస్ సిటీకి, అంటే పెద్ద లీగ్ (మేజర్ లీగ్) కిందుండే మైనర్ లీగ్‌కి పంపేశారు. తిరిగొచ్చాక ఇచ్చింది 7వ నంబరు. అదే ఇక అతని పేరుతో అతుక్కుపోయింది. ఆ ఏడాదే ఫిలడెల్ఫియాలో ఉన్న బౌమన్ గమ్ కంపెనీ 324 కార్డుల సెట్టు వేసింది. అందులో 253 నుంచి 324 దాకా చివరి విడత. వీటినే హై నంబర్లు అంటారు. సీజన్ ముగిసే వేళకి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదకి పోతుంది, కొట్టువాళ్లు తక్కువ తెప్పిస్తారు, అందుకే హై నంబర్లు ఎప్పుడూ తక్కువే దొరుకుతాయి. ఆ విడతలో మొట్టమొదటి కార్డు మాంటిల్. అదే విడతలో 305వ నంబరు విలీ మేస్ రూకీ. ఇద్దరు మహానుభావులు ఒకే ఏడాది, ఒకే కంపెనీ, ఒకే విడత. ఆ రోజుల్లో ఒక కుర్రాడు అదృష్టం బాగుండి రెండూ ఒకే మధ్యాహ్నం కొని, రెండూ సైకిలు చక్రం పుల్లల మధ్య టపటపలాడించి ఉంటాడు. తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మరి మీరు చూసిన కార్డు సంగతి. 1952లో బ్రూక్లిన్ కంపెనీ టాప్స్ రంగంలోకి గట్టిగా దిగింది. సై బెర్గర్ అనే కుర్ర ఉద్యోగి, వుడీ గెల్మన్ కలిసి పెద్ద సైజు కార్డు తయారుచేశారు. రంగుల బొమ్మ, టీము గుర్తు, సంతకం అచ్చు, వెనకాల లెక్కలు. మొత్తం 407 కార్డులు. చివరి విడత 311తో మొదలవుతుంది, ఆ 311 మాంటిల్. ఆ విడత కూడా ఆలస్యంగా వచ్చి మిగిలిపోయింది. మిగిలిన పెట్టెలు కొన్నేళ్లు గోడౌన్లో పడున్నాయట. చోటు కోసం 1960 ప్రాంతంలో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో కలిపేశామని బెర్గరే తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. విన్నవాళ్ళందరూ "అయ్యో" అనుకునే కథ ఇది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ విడత షీటు మీద మాంటిల్ బొమ్మ రెండుసార్లు అచ్చయింది. అంటే అదే విడతలో ఒక్కసారే అచ్చయిన చాలామంది కంటే మాంటిల్ కార్డే ఎక్కువ ఉంది. 2022 ఆగస్టులో కోటీ 26 లక్షలు పలికింది, ఎంత బాగుందో చూసి వేసే మార్కుల్లో పదికి 9.5 గ్రేడు వచ్చిన కార్డు. అదే కార్డుని దాని యజమాని 1991లో 50 వేల డాలర్లకి కొన్నాడు. ఆ డబ్బు ఇచ్చింది రూకీ అన్న మాటకి కాదండీ. టాప్స్‌లో మాంటిల్ మొదటి కార్డు కావడం, ఆ సైజు, బొమ్మ వెనకాల ఆ నీలం, ఆ సముద్రం కథ, ఇవన్నీ కలిసి ఆ ధర.

ఎవరు నిర్ణయిస్తారు అన్నారు. దీనికి నా సొంత జాతకమే చెప్పాలి. నేను పుట్టింది 1957 మాఘమాసంలో. తెనాలిలో బళ్లో వేసినప్పుడు హెడ్‌మాస్టరుగారు మా నాన్నని "తారీఖు గుర్తుందా?" అని అడిగారు. నాన్న తిథి చెప్పాడు. "తిథి రాయడానికి గడి లేదు, జూలై ఒకటి వేస్తున్నా" అని వేసేశారు. మార్కుల లిస్టులో, పాస్‌పోర్టులో, ఇక్కడి సోషల్ సెక్యూరిటీలో ఇప్పటికీ నేను జూలై ఒకటిన పుట్టినవాణ్ణే. ఆఫీసులో కేకు కూడా ఆ రోజే కోసేవారు. మా అమ్మ మాత్రం మాఘమాసంలోనే తలకి నూనె పెట్టేది.

రూకీ కార్డు అంటే ఆ రిజిస్టర్లో తారీఖు. ఆటగాడు నిజంగా ఎప్పుడు మైదానంలోకి దిగాడన్నది వేరే లెక్క. కార్డు రిజిస్టర్లో ఎక్కాలంటే ఎక్కువమంది ఒప్పుకునే షరతులు ఇవి: మేజర్ లీగ్ టీము ఆటగాడిగా ఉండాలి, ఏదో ఒక ఊరికో రాష్ట్రానికో పరిమితం కాకుండా దేశమంతా అమ్మి ఉండాలి, ప్యాకెట్లో మామూలుగా దొరికే సెట్టులో ఉండాలి. అలాంటి వాటిలో అన్నిటికంటే ముందు ఏడాదిది ఏదో అది రూకీ. అదే ఏడాది రెండు కంపెనీలు వేస్తే రెండూ రూకీలే. ఇదంతా సర్కారు చట్టం కాదు. కేటలాగులు రాసినవాళ్లు, ధరల పుస్తకాలు వేసినవాళ్లు, డీలర్లు, కార్డు అసలుదో కాదో చూసి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీలు, డబ్బు పెట్టి కొనేవాళ్లు కలిసి చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం. 1951లో గమ్ నమిలిన కుర్రాళ్లకి రూకీ అన్న గోలే లేదు. ఆ మాటకి గిరాకీ పెరిగింది 1970ల చివర, 1980లలో. అందుకే పాత కార్డులకి ఆ పేరు వెనక్కి వెళ్లి పెట్టాల్సి వచ్చింది. 2006 నుంచి మాత్రం ఆటగాళ్ల యూనియనూ లీగూ కలిసి, మేజర్ లీగ్‌కి చేరినవాడికే కార్డు మీద ఆర్‌సీ (రూకీ కార్డు) గుర్తు వేయాలని పెట్టాయి. పాతవాటికి ఆ ముద్ర లేదు, అందుకే మీలాంటి వాళ్ల ఇళ్లల్లో గొడవలు.

లీగ్ వాళ్ల రూకీ లెక్క మళ్లీ వేరు. 130 సార్లకి మించి బ్యాటింగ్ చేసినా, 50 ఇన్నింగ్స్‌కి మించి బంతి వేసినా అక్కడితో రూకీ హోదా పోతుంది. దానికీ కార్డుకీ సంబంధం లేదు. నోలన్ రయన్ 1966లోనే మెట్స్ తరఫున ఆడాడు, కార్డు వచ్చింది 1968 టాప్స్‌లో, 177వ నంబరు, అదీ జెర్రీ కూజ్‌మన్ అనే ఇంకో ఆటగాడితో కలిపి ఒకే కార్డు మీద. కార్ల్ యాస్ట్రెమ్‌స్కీది దీనికి సరిగ్గా తలకిందులు. 1960 టాప్స్‌లో 148వ నంబరుగా కార్డు వచ్చేసింది, మేజర్ లీగ్‌లో మొదటి ఆట ఆడింది 1961లో. కాన్పు కాకముందే బారసాల.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్టాన్ మ్యూజియల్ కథ. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి అతను 1941లో ఆడడం మొదలుపెట్టాడు. ఆ ఏడాదితో ప్లే బాల్ అనే గమ్ కార్డులు ఆగిపోయాయి. యుద్ధం వచ్చింది, కాగితానికీ గమ్‌కీ కటకట. దేశమంతా అమ్మే గమ్ కార్డులు మళ్లీ 1948లో గానీ రాలేదు. ఈలోగా మ్యూజియల్ 1943లో ఒకసారి, 1946లో ఒకసారి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా అవార్డు తీసేసుకున్నాడు. అతని రూకీ 1948 బౌమన్, 36వ నంబరు. నా దగ్గర ఒకటుంది. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. నలుపు తెలుపు ఫొటో, వెనకాల బూడిదరంగు అట్ట మీద బ్లోనీ బబుల్ గమ్ ప్రకటన. ఒక మూల మడత పడి తెల్లటి గీత వచ్చింది. ఒక పైసా గమ్ ముక్కతో వచ్చిన కార్డు. అప్పటికే ఏడేళ్ల అనుభవం, రెండు పెద్ద అవార్డులు ఉన్న మనిషిని పట్టుకుని "కొత్త కుర్రాడు" అంటుంది ఆ రిజిస్టరు. అయినా అందరూ ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకున్నాను, అందుకే కొన్నాను.

మీవాడికి చెప్పండి, నాన్న తప్పు చెప్పాడు గానీ తప్పు కార్డేమీ చూపించలేదని.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. 2023 డిసెంబరులో బేబ్ రూత్ రూకీ కార్డు 72 లక్షల డాలర్లకి అమ్ముడైందని చదివాను. కానీ అది మైనర్ లీగ్ కార్డట కదా. మీ లెక్క ప్రకారం అది రూకీ ఎలా అవుతుంది?

జవాబు: అవదు. గట్టిగా పట్టుకున్నారు.

ఆ కార్డు 1914 నాటిది, బాల్టిమోర్ న్యూస్ పత్రిక వేసింది. అప్పటికి రూత్‌కి పందొమ్మిదేళ్లు. సొంత ఊళ్లోనే, మైనర్ లీగ్ టీము బాల్టిమోర్ ఓరియోల్స్‌లో బౌలరు, వాళ్ల మాటలో పిచ్చర్. కార్డు వెనకాల ఆ టీము ఆటల షెడ్యూలు అచ్చువేశారు. ఊళ్లోవాళ్లు ఏ రోజు ఆటకి వెళ్లాలో చూసుకుని పారేసే వస్తువు. అదే జూలైలో రూత్‌ని బోస్టన్ రెడ్ సాక్స్‌కి అమ్మేశారు. ఇప్పటికి బయటపడ్డ కార్డులు పది దాకా ఉంటాయి.

రిజిస్టరు ప్రకారం రూత్ రూకీ 1916 నాటిది, 151వ నంబరు. షికాగోలో ఫీలిక్స్ మెండెల్‌సన్ అచ్చువేసిన సెట్టు. వెనక వైపు ఖాళీగా ఉంచి రకరకాల వ్యాపారులకి అమ్మేవాడు, వాళ్లు తమ ప్రకటన వేయించుకునేవారు. స్పోర్టింగ్ న్యూస్ పత్రిక పేరుతో ఉన్నవి ఎక్కువ పేరుపొందాయి. సేకర్తలు దీన్ని ఎం101 అని పిలుస్తారు. ఆ అక్షరాలు, అంకెలు జెఫర్సన్ బర్డిక్ పెట్టినవి. సిగరెట్ కార్డులకి టి, పత్రికల కార్డులకి ఎం, ఇలా ఆయన ఒక్కడే కూర్చుని ఒక పెద్ద కేటలాగు తయారుచేశాడు. కీళ్లనొప్పులతో వేళ్లు వంకరపోయినా తన మూడు లక్షల పైచిలుకు కార్డుల్ని, ముద్రల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, అక్కడే కూర్చుని ఆల్బముల్లో అంటించాడు. 1963లో పోయాడు. మా ఆవిడ నన్ను తిట్టినప్పుడల్లా ఆయన్నే ఉదాహరణ చెబుతాను.

మీ ప్రశ్నకి వస్తే, 1914 కార్డుని వేలంపాటవాళ్లు రూకీ అంటారు, అది వాళ్ల వ్యాపారం. మా పాతకాపులం దాన్ని "ముందుకార్డు" అనుకుంటాం. 72 లక్షలు పెట్టినాయనకి ఆ తేడా తెలియకుండా ఉండదు. తెలిసే పెట్టాడు. మా అమ్మ లెక్కలో నా పుట్టినరోజు ఏదో, రూత్‌కి ఆ కార్డు అది.

ప్రశ్న: టొరొంటోలో ఉంటున్నాం. జో డిమాజియో మొదటి కార్డు కెనడాలో వచ్చిందని ఇక్కడ అందరూ గొప్పగా చెబుతారు. నిజమేనా?

జవాబు: నిజమే. 1936లో వరల్డ్ వైడ్ గమ్ వాళ్లు అక్కడ వేశారు, 51వ నంబరు. అతను యాంకీస్‌లో చేరిందీ ఆ ఏడాదే. అమెరికాలో గౌడీ కంపెనీ కార్డు 1938లో గానీ రాలేదు. ఆ 1938ది చూశారా? నిజమైన తలకాయ ఫొటో, కింద కార్టూన్ ఒళ్లు. పెళ్లిళ్లలో ఫొటోల దగ్గర బొమ్మ అట్టలో తల దూర్చి దిగుతామే, అలా ఉంటుంది. అమెరికా డీలర్లు చాలామంది దాన్నే రూకీ అనేవారు, సరిహద్దు దాటితే లెక్కకి రాదని. ఇప్పుడు చాలామంది కెనడా కార్డుకే ఓటేస్తున్నారు. నా ఓటూ దానికే. మేజర్ లీగ్ ఆటగాడు, దేశమంతా అమ్మిన గమ్. ఆ దేశం ఏదైతే ఏం?

ప్రశ్న: నమస్తే అండీ. ఎడిసన్, న్యూజెర్సీ. గరాజ్ సేల్‌లో పాత ఆల్బమ్‌లో ఒక 1952 మాంటిల్ దొరికింది. అమ్మిన ముసలావిడకి దాని విలువ తెలిసినట్టు లేదు, 200 డాలర్లు అడిగితే ఇచ్చేశాను. రూకీ కాకపోయినా పర్లేదు, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? మావారికి ఇంకా చెప్పలేదు.

జవాబు: అమ్మా, ఇంకో రెండు రోజులు చెప్పకండి. ముందు స్కేలు తీయండి.

నేను 1988లో ఒక ఆదివారం సంతలో ఇదే పని చేశాను. వాన తుంపర పడుతోంది. టార్పాలిన్ కింద ఒకాయన, బల్ల మీద పాత పనిముట్లు, గ్రామఫోన్ రికార్డులు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ టాప్‌లోడర్లో మాంటిల్. భుజం మీద బ్యాటు, వెనకాల ఆ నీలం. "మా బావమరిది అటక మీద దొరికింది, ఎంతో కొంత ఇవ్వండి" అన్నాడు. నా గుండె దడదడ. నాకు తెలుసు గానీ ఇతనికి తెలియదన్న సంబరం, మనిషిని ముంచేది అదే. 350 డాలర్లు. అప్పట్లో మా అపార్ట్‌మెంటు అద్దెలో సగం.

ఇంటికొచ్చి వంటింట్లో లైటు కింద పెట్టి మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ చేతులు తుడుచుకుని చూసింది. నా ఆల్బమ్ తెచ్చి అందులో ఉన్న ఒక 1954 టాప్స్ మామూలు కార్డు తీసి దీని పక్కన పెట్టింది. "ఇదేంటండీ, చిన్నగా ఉంది?" అంది. అంతే. 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డు 2⅝ అంగుళాల వెడల్పు, 3¾ అంగుళాల పొడవు. నాది కచ్చితంగా రెండున్నర, మూడున్నర. అది 1957లో మొదలైన సైజు. 1983లో టాప్స్ కంపెనీయే 1952 సెట్టుని తిరిగి అచ్చువేసి అమ్మింది, ఆ సైజులో. మోసం ఏమీ లేదు, వెనకాల రీప్రింట్ అని స్పష్టంగా వేశారు. నా కార్డు తిప్పి లైటుకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ అక్షరాలుండే చోట అట్ట పొర లేచి నూగునూగుగా ఉంది. ఎవరో రబ్బరుతో రుద్దేశారు. టాప్‌లోడర్లో ఉండగా ఆ గరుకు కనపడలేదు, పక్కన ఇంకో కార్డు లేదు గనక సైజూ తెలియలేదు. మరుసటి ఆదివారం వెళితే ఆ బల్ల చోట ఎవరో మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు.

కాబట్టి కార్డుని ముందు ప్లాస్టిక్ లోంచి తీయండి. అంచులు పట్టుకుని, చేతులు కడుక్కుని. స్కేలు పెట్టండి. సైజు సరిపోయినా అప్పుడే సంబరపడొద్దు, ఆ సైజులోనే నకిలీ వేసినవాళ్లూ ఉన్నారు. భూతద్దంతో పేరు అక్షరాల నల్లటి గీతలు చూడండి. అసలు కార్డులో అవి తారు పోసినట్టు గట్టిగా, నిండుగా ఉంటాయి. బొమ్మ మాత్రమే చుక్కల్లో ఉంటుంది. కార్డుని ఫొటో తీసి మళ్లీ అచ్చు వేసినదైతే అక్షరాలు కూడా చుక్కలుచుక్కలుగా విడిపోతాయి. ఇది దాటితే గ్రేడింగ్ కంపెనీకి పంపండి. అప్పుడు మీవారికి చెప్పొచ్చు. దాటకపోతే 200 డాలర్లే గదమ్మా, నా కంటే చవగ్గా నేర్చుకున్నారు. నాది ఇప్పటికీ పర్సులో ఉంది, లైసెన్సు వెనకాల.

ప్రశ్న: జాకీ రాబిన్సన్ రూకీ ఏది అంకుల్? ఒకరు 1947 అంటారు, ఒకరు 1948 లీఫ్ అంటారు, ఒకరు 1949 బౌమన్ అంటారు. బ్లాక్ హిస్టరీ మంత్‌కి మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ చేస్తోంది.

జవాబు: ప్రాజెక్టులో మూడూ రాయమనండి, టీచరుకి కూడా తెలిసొస్తుంది.

1947 ఏప్రిల్ 15న జాకీ, ఆధునిక మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడిగా, బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగాడు. ఆ ఏడాదే బాండ్ బ్రెడ్ అనే రొట్టెల కంపెనీ జాకీ ఒక్కడివే 13 కార్డులు వేసింది. ఫలానా ఊళ్లకే పరిమితం గనక రిజిస్టరువాళ్లు దాన్ని పక్కన పెడతారు. తర్వాత పసుపు వెనకతెర మీద నవ్వుతున్న జాకీ, లీఫ్ కంపెనీ 79వ నంబరు. కొనేవాళ్లు రూకీ అని ఎగబడేది దీని మీదే. దాని మీద 1948 అని కాపీరైటు ఉంది గానీ, సెట్టు నిజంగా కొట్టుల్లోకి వచ్చింది 1949లో అని పాత కాగితాలు తవ్వినవాళ్లు తేల్చారు. అదే నిజమైతే 1949 బౌమన్ 50వ నంబరూ అదే ఏడాదిది. ఇద్దరూ కవలలు. లీఫ్‌కి ఉన్న ధరలో చిన్న భాగానికే బౌమన్ దొరుకుతుంది. నేను బౌమన్ కొన్నాను, ఎర్రటి వెనకతెర.

అదే లీఫ్ సెట్టులో 8వ నంబరు సాచెల్ పేజ్. అతను క్లీవ్‌లాండ్‌లో 1948 జూలైలో మొదటి ఆట ఆడేసరికి 42 ఏళ్లు. రూకీ! అంతకుముందు ఇరవై ఏళ్లు నల్లజాతి ఆటగాళ్లకి వేరుగా నడిచిన నీగ్రో లీగ్‌లలో బంతి వేశాడు, దేశంలోకెల్లా గొప్ప బౌలర్లలో ఒకడని అందరికీ తెలుసు. ఒంటి రంగు చూసి మేజర్ లీగ్ తలుపు తీయలేదు. గమ్ కంపెనీలు కార్డు వేయలేదు. ఆ నీగ్రో లీగ్‌లు కూడా మేజర్ లీగ్‌లేనని 2020 డిసెంబరులో ఒప్పుకున్నారు. అంటే "మేజర్ లీగ్ ఆటగాడై ఉండాలి" అని ఇందాక నేను చెప్పిన షరతు ఈ కార్డు దగ్గర సిగ్గుతో తలదించుకోవాలి. మీ అమ్మాయి దీని గురించే రాస్తే బాగుంటుందని నా సలహా.

ప్రశ్న: 1963 టాప్స్ పీట్ రోజ్ కార్డులో నలుగురి మొహాలున్నాయి. నాలుగో వంతు కార్డుకి పూర్తి ధరా? (ఆట్లాంటా)

జవాబు: పూర్తి ధరే. 537వ నంబరు, గుండ్రటి చట్రాల్లో నాలుగు తలకాయలు: పెడ్రో గొంజాలెజ్, కెన్ మెక్‌ముల్లెన్, ఆల్ వీస్, పీట్ రోజ్. టాప్స్‌కి ఆ రోజుల్లో ఎవడు పైకొస్తాడో తెలియక కొత్తవాళ్లని గంపగుత్తగా వేసేది. మైక్ ష్మిట్ రూకీలో ముగ్గురు, టామ్ సీవర్ రూకీలో ఇద్దరు. రేషన్ కార్డులో ఫ్యామిలీ ఫొటోలాగా. లెక్క ప్రకారం ఆ కార్డు నలుగురికీ రూకీయే, ధర మాత్రం 4,256 హిట్లు కొట్టినవాడి పుణ్యం. ఆల్ వీస్‌ని మాత్రం తీసిపారేయకండి. 1969 వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో స్కోరు సమం చేసిన హోమ్‌రన్ ఆయనదే. ఈ కార్డుకి 1980ల మొదట్లోనే నకిలీలు పుట్టాయి, ఎడిసన్ అమ్మగారికి చెప్పిన భూతద్దం మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: గుంటూరు నుంచి. మా అన్నయ్య అమెరికా నుంచి తిరిగొచ్చేస్తూ 1987 టాప్స్ కార్డులు రెండు పెట్టెలు తెచ్చాడు, చెక్క డిజైను అంచులవి. అందులో బారీ బాండ్స్, మార్క్ మగ్వైర్ ఉన్నారు. రూకీలేనా? అమ్మితే ఎంతొస్తుంది?

జవాబు: బాండ్స్‌ది రూకీయే, 320వ నంబరు. అంతకుముందు ఏడాది 1986 టాప్స్ ట్రేడెడ్ సెట్టులో అతని కార్డు ఒకటుంది, కానీ అది ప్యాకెట్లలో కాకుండా డీలర్ల దగ్గర పెట్టెగా అమ్మిన సెట్టు. అలాంటివాటికి బెకెట్ ధరల పుస్తకం ఎక్స్‌ఆర్‌సీ (ఎక్స్‌టెండెడ్ రూకీ కార్డు) అని వేరే పేరు పెట్టింది. మగ్వైర్‌ది మీ దగ్గరున్నది రూకీ కాదు. అతని కార్డు 1985 టాప్స్‌లో 401, ఒలింపిక్స్ అమెరికా టీము దుస్తుల్లో ఉంటాడు. అప్పటికి మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు, అయినా రూకీ అని అందరూ ఒప్పేసుకున్నారు. ఒప్పందం అంటే అంతే మరి, పెద్దమనుషులు కాస్త పట్టువిడుపులు చూపిస్తారు.

ధర సంగతి. 1987లో ఆ కార్డులు లెక్కలేనన్ని అచ్చువేశారు, అందరూ దాచుకున్నారు. రెండు పెట్టెలకీ కలిపి అమెరికాకి పార్సిల్ ఖర్చు కూడా రాదు. అన్నయ్యగారికి పిల్లలుంటే వాళ్లకి ఇచ్చేయమనండి. బాండ్స్ కార్డు మాత్రం ఒక్కటి తీసి పక్కన పెట్టుకోమనండి, ఎండ తగలని చోట.